‘శిక్ష’ అంటే చదువైన ఊళ్లో ఒక ఏడాది

తొమ్మిదో తరగతి చదవడానికి ఉత్తరాది నవోదయ విద్యాలయానికి (కేంద్రం నడిపే హాస్టల్ బడికి) వెళ్లిన తెలుగు పిల్లవాడికి మొదటి వారంలోనే గోడల మీద వింతలు కనిపిస్తాయి. నోటీసు బోర్డులో ‘శిక్షా’ అని ఉంటుంది. మనకు శిక్ష అంటే బెత్తం గుర్తొస్తుంది, అక్కడ అది చదువు. ‘అవకాశ్’ అంటే ఛాన్స్ కాదు, సెలవు. ‘ఉపన్యాస్’ సభలో కూర్చుని వినేది కాదు, మంచం మీద పడుకుని చదువుకునే నవల. ఒకరి ‘చరిత్ర్’ బాగుందని సర్టిఫికెట్ ఇస్తే అది హిస్టరీ మార్కుల సంగతి కాదు, నడవడిక సంగతి. ‘వ్యవసాయ్’ చేసేవాడికి పొలం ఉండక్కర్లేదు, కిరాణా కొట్టు ఉన్నా చాలు. ‘అనుమాన్’ ఎవరినీ నొప్పించదు, అది వట్టి అంచనా.

మాటలన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే. రెండు ఇళ్లకు కోడళ్లుగా వెళ్లి, రెండు చోట్లా వేర్వేరు పనుల్లో కుదురుకున్నాయి. కొత్త భాషలో తెలియని మాట వస్తే పిల్లలు ఆగి అడుగుతారు. తెలిసిన మాటలా కనిపించేది అలా ఆగనివ్వదు, నమ్మించి మోసం చేస్తుంది. వాచకం చివర అర్థాల పట్టికలో ఈ సంగతి ఎవరూ రాయరు. సెలవు చీటీ మీద ‘అవకాశ్’ అనే మాట చూసి తికమకపడినప్పుడే తెలుస్తుంది.

బడిలో భాషలు నేర్పడం, రకరకాల సంస్కృతులను పిల్లలకు పరిచయం చేయడం గురించి మన దేశంలో ఉపన్యాసాలకు (తెలుగు అర్థంలోనే) కొదవ లేదు. అయితే హైస్కూలు వయసు పిల్లలను ఏడాది పాటు వేరే భాష మాట్లాడే ప్రాంతంలో ఉంచి చూసే ఏర్పాటు అంత పెద్ద ఎత్తున ఒక్క నవోదయ వ్యవస్థలోనే ఉంది. దాన్ని అందరూ ‘మైగ్రేషన్’ అంటారు. నియమం సింపుల్‌గానే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది పిల్లలను హిందీ జిల్లాల నవోదయకూ హిందీయేతర జిల్లాల నవోదయకూ మధ్య ఒక విద్యా సంవత్సరం పాటు మార్చుకుంటారు. తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు కాబట్టి, పూర్తి లెక్కన ఇక్కడి నుంచి 24 మంది అటు, అక్కడి నుంచి 24 మంది ఇటు. వెంట టీచర్లు ఎస్కార్ట్‌గా రైల్లో వెళ్లి దింపి వస్తారు. ఆరో తరగతిలో చేర్చేటప్పుడే, ఎంపికైతే పంపిస్తామని తల్లిదండ్రుల చేత రాయించుకుంటారు. సీటు వచ్చిన సంతోషంలో ఆ కాగితం మీద సంతకం ఇట్టే పడిపోతుంది. మూడేళ్ల తర్వాత లిస్టులో పేరు వచ్చిన రోజున ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

ఈ బడుల పుట్టుకకు తెలుగు సంబంధం ఉంది. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లోనూ మహారాష్ట్రలోని అమరావతిలోనూ రెండు నవోదయలు ప్రయోగంగా మొదలయ్యాయి. 1986 జాతీయ విద్యా విధానం వాటిని దేశమంతా విస్తరించింది. అప్పటి రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో మానవ వనరుల శాఖ చూసింది పి.వి. నరసింహారావు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. పల్లెటూరి తెలివైన పిల్లలను ఒకచోట చేర్చి, తిండీ వసతీ ఇచ్చి చదివించాలన్న ఆలోచన అక్కడ పరీక్షకు నిలిచింది. నవోదయలోనూ 75 శాతం సీట్లు పల్లెలకే. అయితే గురుకులంలో లేని ఒక కొత్త ముక్క నవోదయకు తోడైంది, అదే ఈ భాషల మార్పిడి. తెలుగు నవలను హిందీలోకీ మరాఠీ నవలను తెలుగులోకీ తెచ్చిన మనిషి ఆ శాఖలో కూర్చున్న రోజుల్లో ఇలాంటి ఏర్పాటు రూపు దిద్దుకోవడంలో ఆశ్చర్యపడాల్సింది లేదు.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే త్రిభాషా సూత్రం దగ్గరికి వెళ్లాలి. 1968 విద్యా విధానం ఒక సరసమైన బేరం పెట్టింది. హిందీయేతర రాష్ట్రాల పిల్లలు తమ భాష, ఇంగ్లిషుతో పాటు హిందీ చదవాలి. హిందీ రాష్ట్రాల పిల్లలు హిందీ, ఇంగ్లిషుతో పాటు మరో ఆధునిక భారతీయ భాషను, వీలైతే దక్షిణాది భాషను చదవాలి. మన వైపు బేరం చాలా వరకు నిలబడింది. తమిళనాడు మాత్రం అదే ఏడాది శాసనసభలో తీర్మానం చేసి రెండు భాషలతో ఆగిపోయింది. ఆ రాష్ట్రంలో నవోదయలు రాకపోవడానికి కారణం కూడా ఇదే. ఇక హిందీ రాష్ట్రాల వైపు ఎక్కువ బడుల్లో మూడో భాష స్థానంలోకి సంస్కృతం వచ్చి కూర్చుంది. నాలుగు విభక్తులు బట్టీ పడితే మార్కులు వస్తాయి, టీచరు స్థానికంగానే దొరుకుతాడు. సంస్కృతం గొప్పతనం మీద ఎవరికీ పేచీ లేదు. కానీ ఆధునిక భాష అని రాసుకున్న చోట దాన్ని పెట్టడం, అన్నం పెడతానని పిలిచి ప్రసాదం చేతిలో పెట్టడం లాంటిది.

నవోదయలో ఈ దొంగదారి లేదు. హిందీ జిల్లాలోని నవోదయ ఏ భాషా ప్రాంతంతో పిల్లలను మార్చుకుంటుందో ఆ భాషే అక్కడ మూడో భాష. అందుకే ఉత్తరాదిలో కొన్ని నవోదయల్లో ఆరో తరగతి నుంచే తెలుగు పీరియడు ఉంటుంది. మూడో భాషగా తెలుగు చెప్పడానికి టీచర్ల పోస్టులు నవోదయ విద్యాలయ సమితి నియామక ప్రకటనల్లో కనిపిస్తాయి. అలా ఉద్యోగం వచ్చిన తెలుగు టీచరుకు పోస్టింగు తెలుగు వాసనే లేని జిల్లాలో పడుతుంది. చుట్టూ వంద కిలోమీటర్లలో అ ఆ ఇ ఈలు తెలిసిన మనిషి తనొక్కరే కావచ్చు.

మూడో భాష పుస్తకంలో ఒక రకంగానూ నోట్లో మరో రకంగానూ ఉంటుంది. హిందీ పిల్లలకు తెలుగులో ఎక్కడ తట్టుకుంటుందో చూస్తే మన భాషే మనకు కొత్తగా కనిపిస్తుంది. వాళ్ల లిపిలో ఎ, ఏ రెంటికీ ఒకటే అక్షరం, ఒ, ఓ రెంటికీ కూడా ఒకటే. అందుకని వెల అడగబోతే వేలల్లోకి పోతుంది. తెగ, తేగ ఒకటే అయిపోతాయి. తాటి తేగ ఎప్పుడూ తినని పిల్లలకు ఆ తేడా పెద్ద నష్టమేమీ కాదు గానీ, తెలుగు వినేవాళ్లకు మాత్రం చెవిలో ఇసుక పడ్డట్టు ఉంటుంది. ఇంకో చిక్కు ‘హమ్’. హిందీలో ఆ ఒక్క మాటతో పని జరిగిపోతుంది. తెలుగులో ‘మనం’, ‘మేము’ వేర్వేరు. ‘మనం మెస్‌కి వెళ్తున్నాం’ అంటే ఎదుటివాడిని కలుపుకున్నట్టు, ‘మేము వెళ్తున్నాం’ అంటే నువ్వు ఉండిపో అన్నట్టు. కొత్తగా వచ్చిన పిల్లవాడు ఈ రెంటినీ కలగాపులగం చేస్తే ఒక్కోసారి పిలవని చోటికి పిలిచినట్టవుతుంది, ఒక్కోసారి పక్కనున్న స్నేహితుడినే పక్కన పెట్టినట్టవుతుంది. ఇది వ్యాకరణం క్లాసులో పట్టుబడదు. నువ్వు వస్తున్నావా లేదా అన్న ప్రశ్న నిజంగా వచ్చినప్పుడే పట్టుబడుతుంది.

తెలుగు పిల్లల బాధ వేరు. హిందీలో ప్రతి వస్తువుకూ ఆడో మగో ఉండాలి. రోటీ ఆడది, చావల్ మగది. బస్సు ఆడది, ట్రక్కు మగది. తెలుగులో ఆమె వచ్చినా, బస్సు వచ్చినా, కుక్క వచ్చినా ‘వచ్చింది’తో సరిపోతుంది. ఆ అలవాటుతో వెళ్లినవాళ్లు మొదట్లో బస్సును మగవాణ్ని చేసి అందరినీ నవ్విస్తారు. ఈ లింగాలకు చెప్పుకోదగ్గ నియమం లేదు, విని పట్టుకోవడమే. కాస్త ఊరట ఏమిటంటే, ‘దహీ’ అంటే పెరుగు పుంలింగమో స్త్రీలింగమో హిందీ వాళ్లలోనే తగవు ఉంది. వ్యాకరణం మగదంటుంది, చాలా ఇళ్లలో ఆడదిగా మాట్లాడతారు. ఆ తగవు నడుస్తున్న డైనింగ్ హాల్లో తెలుగు కుర్రాడు మజ్జిగ లేదని దిగులు పడుతూ కూర్చుని ఉంటాడు.

హాస్టల్లో నేర్చుకునే భాషకు వేరే సిలబస్ ఉంటుంది. నవోదయల్లో ఏ రాష్ట్రానికి వెళ్లినా హౌసులు నాలుగే: అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. వచ్చినవాళ్లందరినీ ఒక గదిలో పెడితే అది చిన్న తెలుగు ఊరైపోతుంది, హౌసుల్లోకి పంచితే పక్క మంచం వాడితో మాట్లాడక తప్పదు. పొద్దున్నే బకెట్ ఎవరిది, నా సబ్బు ఎవరు వాడారు, క్యూలో ముందు ఎవరు నిలబడ్డారు, బాల్ అవుటా కాదా, ఇవీ మొదటి పాఠాలు. తిట్లు అన్నిటికన్నా ముందు వస్తాయి, వాటి ఉచ్చారణలో తప్పులు ఉండవు. ఒత్తులు పలకడం రాదని తెలుగు క్లాసులో చీవాట్లు తిన్న పిల్లవాడు కూడా కోపంలో ‘ఖ’, ‘ఘ’ గట్టిగానే పలుకుతాడు. డిసెంబరు వచ్చేసరికి చలి ఇంకో అరడజను మాటలు నేర్పుతుంది. రాజ్మా, రొట్టె, బంగాళాదుంప చుట్టూ తిరిగే మెనూలో, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా దౌత్యవేత్త పని చేస్తుంది. అది ఖాళీ అయ్యేలోపు ఎంతమంది స్నేహితులయ్యారన్నదే అసలు లెక్క. ‘మదరాసీ’ అన్న పిలుపు కూడా ఇక్కడే ఎదురవుతుంది. హైదరాబాద్ మద్రాసులో లేదని మ్యాపు తీసి చూపించేటంత హిందీ రావడానికి రెండు నెలలు పడుతుంది.

దీని పక్కన పెట్టి చూస్తే మన బడుల్లో జరిగే భాషా ఉత్సవాలు ఎక్కడ తేలిపోతున్నాయో అర్థమవుతుంది. క్యాలెండర్‌లో రోజులకు లోటు లేదు. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, ఆగస్టు 29 గిడుగు జయంతి, సెప్టెంబరు 14 హిందీ దివస్, డిసెంబరు 11 సుబ్రహ్మణ్య భారతి పుట్టినరోజున భారతీయ భాషా దినోత్సవం. ఇవి కాక రాష్ట్రాలను జంటలుగా కలిపే కేంద్ర కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌తోనూ, తెలంగాణకు హర్యానాతోనూ జత కుదిర్చారు. ఇక ప్రతి హైస్కూల్లోనూ సీన్ ఒకటే. ఒక అమ్మాయి అద్దెకు తెచ్చిన పటియాలా డ్రెస్‌లో, ఒక అబ్బాయి తలపాగాలో, మైకు ముందు నాలుగు పంజాబీ వాక్యాలు, తర్వాత భాంగ్రా, తర్వాత ఫోటో, ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులో అప్‌లోడ్. అమ్మాయి చెప్పిన వాక్యాలకు బదులు చెప్పే పంజాబీ మనిషి హాల్లో ఒక్కరూ ఉండరు. ‘నీ పేరేమిటి’ అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే చప్పట్లు కొట్టించుకునే భాషాభ్యాసం ఇది. పిల్లలకు సరదాగా ఉంటుంది, ఆ మాటకొస్తే అందులో తప్పూ లేదు. కానీ దాన్ని భాష నేర్పడం కింద రిజిస్టర్‌లో రాసుకోవడమే ఇబ్బంది.

అదే హాల్లో, అదే రోజు, మూడో బెంచీలో కూర్చున్న పిల్లలు ఇంట్లో లంబాడీయో ఉర్దూయో మాట్లాడుతూ ఉంటారు. ఉట్నూరు వైపు గోండీ, కొలామీ. ఇచ్ఛాపురం వైపు ఒడియా. చిత్తూరు సరిహద్దుల్లో తమిళం, అనంతపురం అంచుల్లో కన్నడం, ఆదిలాబాద్ పైభాగాన మరాఠీ. హైదరాబాద్ శివార్ల ప్రభుత్వ బడుల్లో భోజ్‌పురి, నేపాలీ కూడా. ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాల పిల్లలు ఏ భాషా దినోత్సవానికీ అందకుండా సీజను మధ్యలో వచ్చి సీజను చివర వెళ్లిపోతారు. వైవిధ్యం కోసం పంజాబ్ దాకా పోనక్కర్లేదు, అటెండెన్స్ రిజిస్టర్‌లోనే ఉంది. కానీ వేదిక ఎక్కేది పక్క రాష్ట్రం కాకుండా దూర రాష్ట్రమే కావడానికి ఒక కారణం కనిపిస్తుంది. దూరం భాషకు డ్రెస్సు ఉంటుంది. పక్క బెంచీ భాషకు ఉండేది ఎగతాళి. ఆరో తరగతిలో ఇంటి భాష నోరు జారితే నవ్వులపాలైన పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి ఆ భాష తనకు రాదనే చెబుతాడు.

నవోదయ మైగ్రేషన్‌ను ఆకాశానికెత్తడం కూడా తేలికే, కానీ అక్కడా ఒక లోపం ఉంది, అదీ చిన్నది కాదు. రెండు వైపులా 24 మందే అయినా రెండు ప్రయాణాలూ ఒకటి కావు. హిందీ జిల్లాకు వెళ్లిన తెలుగు పిల్లలకు హిందీ రాకపోతే బకెట్ కూడా దొరకదు. గేటు బయట అంగడిలోనూ, రైల్లోనూ, ఆసుపత్రిలోనూ అదే భాష. తెలుగు జిల్లాకు వచ్చిన హిందీ పిల్లల పరిస్థితి వేరు. ఇక్కడి క్లాస్‌మేట్లు ఆరో తరగతి నుంచే హిందీ చదువుతున్నారు. తొమ్మిది నుంచి నవోదయల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లిషులో, సోషల్ హిందీలో అన్నది వ్యవస్థ పెట్టుకున్న పద్ధతి. వార్డెన్‌తో హిందీ, మెస్‌లో హిందీ, అసెంబ్లీలో హిందీ, ఇంగ్లిషు. పైగా మనవాళ్ల మర్యాద ఒకటి. అతిథి తడబడుతూ ‘నాకు నీళ్లు’ అనేలోపే ఇటు నుంచి ‘పానీ చాహియే?’ అని ఎదురు వెళ్లిపోతారు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లున్నా తెలుగు రానివాళ్లు ఉండటానికి కారణం వాళ్ల బద్ధకం ఒక్కటే కాదు, మన తొందర కూడా. తప్పులు చేసే టైమే ఇవ్వకపోతే భాష ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ తేడా ఒక్క నవోదయలదే అనుకోకూడదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో రెండు భాషలు వచ్చినవాళ్లు దాదాపు 26 శాతం, మూడు వచ్చినవాళ్లు 7 శాతం. హిందీ మాతృభాషగా ఉన్నవాళ్లలో రెండో భాష వచ్చినవాళ్ల వాటా ఈ సగటు కన్నా బాగా తక్కువ. దీన్ని వాళ్ల తప్పుగా చూడటం సరికాదు. అవసరం పడనివాళ్లు నేర్చుకోరు, అంతే. బ్యాంకు ఉద్యోగమో, మిలిటరీయో, రైల్వేనో చూసుకున్న తెలుగు కుటుంబానికి హిందీ తిండి పెట్టే భాష. ఉత్తరప్రదేశ్ పల్లెలోని కుటుంబానికి తెలుగు ఏం పెడుతుందో ఆ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు.

చట్టంతో అవసరాన్ని సృష్టించవచ్చన్నది తెలంగాణ ఎంచుకున్న దారి. 2018 చట్టం పదో తరగతి దాకా అన్ని రకాల బడుల్లోనూ, సీబీఎస్ఈ సహా, తెలుగును తప్పనిసరి చేసింది. తొమ్మిది, పది తరగతుల్లో ఇంట్లో తెలుగు లేని పిల్లలకూ తెలుగు ఇంటి పిల్లల స్థాయి వాచకం ‘సింగిడి’యే ఎదురైంది. పద్యానికి ప్రతిపదార్థం రాయగలిగిన మార్వాడీ పిల్ల ఆటోవాలాతో తెలుగులో బేరం చేయలేకపోతే అది పిల్ల తప్పు కాదు. 2025లో ప్రభుత్వం ‘సింగిడి’ బదులు ‘వెన్నెల’ అనే సులభ వాచకానికి మారాలని నిర్ణయించడం ఈ చిక్కు తెలిసే. పుస్తకం తేలికైతే మార్కులు పెరుగుతాయి. మాట పెరుగుతుందా అన్నది క్లాసు బయట ఆ పిల్లతో ఎవరైనా తెలుగులో మాట్లాడతారా అన్న దాని మీద ఉంటుంది.

నవోదయల సంఖ్య ఇంకా పెరుగుతోంది. 2024 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన 28 కొత్త వాటిలో 7 తెలంగాణకు వచ్చాయి. అంటే కొన్నేళ్లలో అక్కడి నుంచి కూడా తొమ్మిదో తరగతి పిల్లలు ట్రంకు పెట్టెలు సర్దుకుంటారు. వాళ్ల తల్లిదండ్రుల భయాలు పాతవే. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపడం, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, పదో తరగతి ముందు ఏడాది పాడైపోదా. చివరి భయానికి ఈమధ్య బలం పెరిగింది. తొమ్మిది నుంచే ఐఐటీ, నీట్ ఫౌండేషన్ అంటూ పరుగులు పెట్టే ఊళ్లలో, హిందీ పల్లెలో గడిపే ఏడాదిని వేస్టుగా చూసేవాళ్లే ఎక్కువ. వెళ్లివచ్చినవాళ్లను అడిగితే వేరే మాట వినిపిస్తుంది, కాకపోతే వాళ్లను అడిగే అలవాటు కోచింగ్ సెంటర్లకు లేదు.

ఏడాది చివర ఎవరి బడికి వాళ్లు తిరిగి వెళ్లిపోతారు. హిందీ పిల్లవాడు పదిలో రాసేది హిందీ, ఇంగ్లిషు పేపర్లే కాబట్టి అతని తెలుగు అక్కడితో పరీక్షల లెక్కలోంచి తప్పుకుంటుంది. తెలుగు పిల్లవాడి హిందీ మాత్రం ఎగ్జామ్‌లోనూ, తర్వాత ఇంటర్వ్యూలోనూ వాడకంలో ఉంటుంది. సెలవుల్లో ఇంటి ఫోన్ల మీద ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఇటు నుంచి వెళ్లే మెసేజ్ హిందీలో, అటు నుంచి వచ్చేదీ హిందీలోనే. మొదట్లో మాత్రం, పిలుపు దగ్గర, అటువాడు ‘ఏం రా’ అంటాడు. దాని తర్వాత ఏమనాలో అతనికీ ఇంకా గుర్తే. ఇటువాడు హిందీలో బదులివ్వకుండా ఒక్క నిమిషం ఆగితే, అదీ వస్తుంది.